మీకు తెలుసా? షుగర్‌కూ పార్శ్వపు నొప్పికీ తిరకాసు లెక్క

షుగర్ ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి పట్నాలకే పరిమితమైన జబ్బేమీ కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లో 20 పల్లెల సర్వే ఫలితాలు 2006లో వచ్చాయి: ముప్పై ఏళ్లు దాటినవారిలో 13 శాతం మందికి షుగర్!

మరి పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, ఉన్నవాళ్లకు షుగర్ ముప్పు ఎక్కువా? ఫ్రాన్స్‌లో 74 వేల మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2019లో దీనికి తలకిందులుగా చెప్పింది. మైగ్రేన్‌తో బాధపడుతున్నవారిలో టైప్ 2 షుగర్ ముప్పు దాదాపు 30 శాతం తక్కువట. పైగా, షుగర్ బయటపడిన వాళ్లలో అంతకు ముందు ఏళ్లలోనే మైగ్రేన్ తగ్గుతూ వచ్చింది. అలాగని షుగర్‌ను తలనొప్పి మందు అనుకునేరు! రెండూ కలిసి కనిపించిన తీరు ఇది, ఒకదానికొకటి కారణమని తేల్చింది కాదు.

కొల్లేరు చేపల చెరువుల గట్ల మీద పొద్దున్నే షుగర్ మాత్ర మింగి, పని హడావుడిలో చద్దన్నం మానేసేవారి తలనొప్పి సంగతి వేరు. కొన్ని రకాల షుగర్ మాత్రలతో, ఇన్సులిన్‌తో ఇలా చేస్తే రక్తంలో షుగర్ పడిపోవచ్చు. అప్పుడు తలనొప్పి, చెమట, చేతుల వణుకు మొదలవుతాయి. షుగర్ మీటరు 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి.