పందికి వేసిన ఉచ్చు

2020 మే 28. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం రాజపేట తండా దగ్గర ఓ చిరుతపులి తీగలో చిక్కి గింజుకుంటోంది. కాపాడబోయిన సిబ్బందిపైనా పంజా విసిరింది. చివరికి మత్తుమందిచ్చి హైదరాబాద్ జూకు తరలించారు. అది బతకలేదు.

పల్లెల్లో చేల గట్ల మీద తీగలు పెట్టేది పులుల కోసం కాదు, పంటను దున్నేసినట్టు చేసే అడవి పందుల కోసం. తీగకు ఆ తేడా తెలియదు. చట్టం మాత్రం ఊరుకోదు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిరుతను చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

వరి, పత్తి పండే మండలాల్లో 'ఇక్కడ అడవెక్కడిది, పులెక్కడిది' అనుకోవడం సహజమే. పెద్దపులి సంగతైతే ఆ మాట చాలావరకు నిజం. చిరుత తీరు వేరు. పగలు నక్కడానికి ఓ రాతిగుట్ట, రాత్రికి ఓ కుక్కో మేకో దొరికితే దానికి చాలు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చిరుతలు చెరకు తోటల్లోనే పిల్లల్ని పెడతాయి. దేశంలో వీటి సంఖ్య 13,874 అని 2022 అంచనా.

'పట్టుకుపోయి దూరంగా వదిలెయ్యండి' అన్నది ప్రతి ఊరూ అడిగే మాట. 2009లో అదే మహారాష్ట్రలో బావిలో పడిన ఓ ముసలి చిరుతకు జాడ చెప్పే మెడపట్టీ కట్టి, మాల్షేజ్ ఘాట్ అడవిలో వదిలారు. అది రోడ్లు, రైలు పట్టాలు దాటుకుంటూ దాదాపు 120 కిలోమీటర్లు నడిచి ముంబయి అంచుకు చేరింది. దారిలో ఒక్క మనిషి జోలికీ పోలేదు!

అలాగని భయం ఉత్తదేం కాదు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి చేనులో ఓ యువతిని పెద్దపులి చంపింది. పత్తి ఏరే మనిషి వంగే ఉంటుంది. పులికి అదో నాలుగు కాళ్ల జంతువులా తోచవచ్చు. అందుకే, వెనక నుంచి చూసినా మనిషేనని తెలిసేలా తల వెనక మనిషి ముఖం మాస్కులు పెట్టుకోమని అక్కడి రైతులకు, కూలీలకు అటవీ శాఖ చెప్పింది. సుందరబన్స్‌లో ఎప్పుడో చేసి చూసిన ఉపాయమే అది.

పులో చిరుతో ఎదురుపడితే పరుగెత్తకూడదు, కూర్చోకూడదు. నిటారుగా నిలబడి, గట్టిగా కేకలేస్తూ మెల్లగా వెనక్కి తగ్గాలి. అది పోవడానికి దారి వదలాలి. సెల్‌ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగితే బెదిరిన చిరుత ఎవరో ఒకరి మీద పడుతుంది.

సగం పుకార్లు అడుగుజాడల దగ్గరే పుడతాయి. కుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోళ్ల గుర్తులు పడతాయి. పులీ చిరుతా నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి మామూలుగా పడవు. రేపు పొద్దున చేను కాడ అలాంటి జాడ కనిపిస్తే ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పడం తర్వాత. ముందు దాని మీద ఓ గంప బోర్లించి, అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి.