బోజొలే ద్రాక్షాసవమూ - మా తాటికల్లూ

అనంతగిరి అనగానే చాలామంది వికారాబాదు అడవులో, అరకు దారిలోని కాఫీ తోటలో అనుకుంటారు. మాది కోదాడ దగ్గరి అనంతగిరి. ఇక్కడి మనిషి ఫ్రెంచి ద్రాక్షాసవం గురించి రాయడమేమిటని సంపాదక మిత్రులు అడిగారు. చదివేకొద్దీ నాకు మా తాటివనమే గుర్తుకొచ్చింది, అందుకని.

ఫ్రాన్సులో లియాన్ నగరానికి ఉత్తరాన ఉన్న కొండవాలు ప్రాంతం బోజొలే. అక్కడ పండే నల్లద్రాక్ష పేరు గమే. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ ఈ ద్రాక్ష నీచమైనదని తన నేలల్లోంచి పీకేయమని ఆజ్ఞాపించాడు. దక్షిణాన బోజొలే రాతినేలలో అది నిలదొక్కుకుంది. గుత్తులను చిదమకుండా మూసిన తొట్టెలో నింపుతారు. బొగ్గుపులుసు వాయువు ఆవరించి, పులియడం పండులోపలే మొదలవుతుంది. అందువల్ల వగరు తక్కువ, పండు వాసన ఎక్కువ. ఏటా నవంబరు మూడో గురువారంనాడు కొత్త సరుకు విడుదల చేస్తారు. ఎర్రని ఆసవాలన్నీ ఏళ్ల తరబడి దాచేవే అన్న మన నమ్మకం ఇక్కడ చెల్లదు. తాజాగా తాగితేనే దీనికి విలువ.

తాజాదనంలో మన కల్లు ఇంకా కచ్చితం. ఒకసారి మా పక్కింటి గౌడ్ మామను, "కల్లును రేపటికి దాచిపెడితే ఎట్లుంటది మామా?" అనడిగాను. "రేపటికి సిర్కా అయితది బిడ్డా" అన్నాడు. శాస్త్రం చెప్పేదీ అదే. గీసిన గెల నుంచి కారేది తియ్యని రసం. లొట్టిలోని ఈస్టు, బాక్టీరియాలు ఆ చక్కెరను గంటల్లోనే పులియబెడతాయి. ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరి, ఆపైన పులుపు ముదిరిపోతుంది. ద్రాక్షాసవంలో పన్నెండు, పదమూడు శాతం ఉంటుంది కనుక సీసాలో నిలుస్తుంది. లొట్టికి సున్నం పూస్తే పులియదు, అదే నీరా. వాళ్లకు ద్రాక్షరకాలున్నట్టే మనకు ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాళ్లలోనూ పోతుతాడు రుచి వేరు, పండుతాడు రుచి వేరు. ఏ చెట్టు ఏ కాలంలో పారుతుందో మామకు నోటిలెక్క.

ఇక నంజుడు సంగతి. లియాన్‌లో బోజొలేతో పందిమాంసపు సాసేజీలు, జున్ను తింటారు. కొవ్వును ఆ పులుపు కోస్తుంది. మన మండువలో గుడాలు, బోటి, ఎండుచేపలు ఎందుకు కుదురుతాయో ఇప్పుడు తెలిసింది కదా! వగరెక్కువున్న ఎర్ర ఆసవంతో కారం తింటే నోరు మరింత మండుతుంది. విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు నాటుకోడి కూరకు బోజొలేను కాస్త చల్లబరిచి చూడవచ్చు. (విద్యార్థి మిత్రులకు ఇది సిఫారసు కాదు సుమా!)

అసలు తేడా రుచిలో లేదు. 1935 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం నిర్ణీత నేలలో, నిర్ణీత ద్రాక్షతో, నిర్ణీత పద్ధతిలో చేస్తేనే సీసామీద ఆ ప్రాంతం పేరు వెయ్యాలి. పేరు పోతే బతుకు పోతుందని అక్కడి రైతుకు తెలుసు. మన కల్లుకు అట్లాంటి కాపుదల లేదు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్నచోట క్లోరల్ హైడ్రేటు, డైజెపామ్, ఆల్ప్రజోలం కలిపిన తెల్లనీళ్లు కూడా కల్లు పేరుతోనే అమ్ముడుపోయాయి. అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మతిభ్రమణ, మూర్ఛ వస్తాయి. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. నింద మాత్రం నిజంగా చెట్టెక్కేవాడి మీద కూడా పడింది.

ఆ మనిషి గెల కొస చెక్కడానికి రోజుకు రెండుమూడు పూటలు మోకు పట్టుకొని ఎక్కుతాడు. జారితే నడుము విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు భద్రతా పరికరాలివ్వడం మొదలుపెట్టింది. మా మామ ఇంకా పాత మోకుతోనే ఎక్కుతున్నాడు. ఫ్రెంచివాళ్లు సీసామీద ఊరి పేరు రాస్తారని చెబితే, "మరి కోసినోని పేరు?" అన్నాడు. తోటవాళ్ల పేరు రాస్తారన్నాను. కాసేపు ఆలోచించి, కత్తులు ముస్తాదులో పెట్టుకొని వనంలోకి పోయాడు.