బొల్లి పాపం గాదు, దాసిపెట్టుకునే రోగం గాదు

బొల్లి మచ్చ కనవడంగనే మనోళ్లు మూడు మాటలంటరు. చేపలు తిని పాలు తాగిండు. పోయిన జన్మల పాపం జేసిండు. ముట్టుకుంటె అంటుకుంటది. నాకు పదేండ్ల సంది చేతుల మీద, మోకాళ్ల మీద మచ్చలున్నయి. ఈ మాటలు లగ్గాలల్ల ఇన్న, బస్సుల ఇన్న, కటింగ్ షాపుల గూడ ఇన్న. మూడిట్ల ఒక్కటి గూడ నిజం గాదు.

మరి నిజమేంది? మన తోలు పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటయి. అవి మెలనిన్ అనే రంగు తయారుజేసి సుట్టుపక్కల కణాలకు పంచుతయి. నల్లగున్నోళ్లకైనా, తెల్లగున్నోళ్లకైనా ఈ కణాల లెక్క ఇంచుమించు ఒక్కటే. తేడా అంత అవి చేసే రంగులనే ఉంటది. బొల్లి వచ్చిన కాడ ఈ కణాలే లేకుంట పోతయి.

వాటిని సంపేది బయటి క్రిమి గాదు, మన రోగనిరోధక వ్యవస్థనే. వైరస్ సొచ్చిన కణాన్ని గుర్తువట్టి సంపుడు మన పెయ్యిల టీ కణాల పని. బొల్లిల అవి రంగు కణాన్నే శత్రువనుకుంటయి. కావలికి వెట్టుకున్న కుక్క ఇంటోళ్లనే కరిసినట్టు. దాడిల టీ కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనం ఇడుస్తయి. అది తగిలిన తోలు కణాలు ఇంకో రసాయనం ఇడిసి మరిన్ని టీ కణాలను పిలుస్తయి. గట్ల దాడి పెరుగుతది, మచ్చ పాకుతది.

దీనికి ఓ గట్టి రుజువున్నది. మెలనోమా అనే తోలు క్యాన్సర్ ఈ రంగు కణాల్లనే పుడ్తది. దానికి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందులిస్తె కొందరికి బొల్లి మచ్చలొస్తయి. మచ్చలొచ్చినోళ్లకు మందు మంచిగ పనిజేస్తున్నదని డాక్టర్లు గమనించిన్రు. క్యాన్సర్ కణాన్ని కొట్టే చెయ్యే మంచి రంగు కణాన్ని గూడ కొడ్తున్నదన్నట్టు.

వంశం సంగతేంది అంటరు పెండ్లి సంబంధాలోళ్లు. జన్యువుల పాత్ర ఉన్నది, గని అదొక్కటే గాదు. అచ్చం ఒక్కతీరు జన్యువులుండే కవలలల్ల ఒకరికి బొల్లి ఉంటె రెండో వాళ్లకు గూడ ఉన్నది సుమారు 23 శాతం మందికే. కవలలకే గంతుంటె, బిడ్డలకు వచ్చి తీరుతదని సంబంధం తప్పగొట్టుడు ఏం న్యాయం?

కుష్టు అని బెదిరేటోళ్లకు ఒక్క మాట. కుష్టు బ్యాక్టీరియాతోని వస్తది, మచ్చ మీద స్పర్శ తగ్గుతది. బొల్లి మచ్చ మీద స్పర్శ ఎప్పటిలెక్కనే ఉంటది. అయినా తెల్లమచ్చలన్నీ బొల్లి గావు. ఏది ఏందో తోలు డాక్టరే తేల్చాలె.

కారణం ఎరుకైతె వైద్యం గూడ సమజైతది. చేసే పనులు రెండు: దాడిని ఆపుడు, రంగును మల్ల తెచ్చుడు. స్టెరాయిడ్, టాక్రోలిమస్ పూతలు దాడిని తగ్గిస్తయి. నారోబ్యాండ్ యూవీబీ అనే లైటు వారానికి రెండు మూడు సార్లు, నెలల తరవడి వెడ్తరు. ఎంటికల కుదుళ్లల్ల దాసుకున్న రంగు కణాల మూలకణాలు పైకొస్తయి. గందుకే మచ్చ నడుమ చిన్నచిన్న చుక్కలుగ రంగు మొలుస్తది. ఎంటికలు లేని వేళ్ల కొసలకు, పెదవులకు రంగు రావుడు కష్టం. గామా ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని అడ్డుకునే రక్సోలిటినిబ్ పూతకు అమెరికాల 2022ల అనుమతి వచ్చింది. గని మందు ఆపితె మల్ల అదే జాగల మచ్చ రావొచ్చు. పాత దాడిని యాదివెట్టుకునే టీ కణాలు తోలులనే ఉండిపోతయి.

కొన్ని జాగర్తలు. బావంచాల మందు తెల్వక రాసుకుని ఎండల కూసుంటె బొబ్బలెక్కుతయి. కొన్ని స్టిక్కర్ బొట్ల జిగురుల, జుట్టు రంగులల్ల ఉండే రసాయనాలు రంగు కణాలను చెడగొడ్తయి. బొట్టు కాడ తెల్లవడితె ఎమ్మటే మానెయ్యాలె. బొల్లి ఉన్నోళ్లకు థైరాయిడ్ తకరారు ఎక్కువ, ఓపారి రక్తపరీక్ష జేయించుకోవాలె.

నా బాధల్లా ఒక్కటే. మచ్చ కొత్తగున్నప్పుడు, పాకుతున్నప్పుడు వైద్యం మొదలువెడితె ఫలితం మెరుగ్గుంటది. గదే టైముల మనోళ్లు సిగ్గువడి పొడుగు చేతుల అంగీలేస్తరు, పొల్లకు లగ్గమయ్యేదాంక ఎవరికీ చెప్పొద్దంటరు, పాలు చేపలు బందువెడ్తరు. పాపం అనే మాట గా నెలలను మింగేస్తది. మీ ఇంట్ల ఎవరికన్న కొత్తగ తెల్లమచ్చ కనవడితె, ఏం తిన్నవని అడుగుడు ఇడిసి ముందుగాల దావఖానకు తోల్కపోండ్రి.