ఆంగ్లదేశపు కోర్టులలో వ్యాజ్యము, రుజువు



వ్యాజ్యమనునది మన పల్లెలకు క్రొత్త విషయము కాదు. గట్టు తగాదా, కాలువ నీరు, ప్రోనోటు బాకీ, భాగపంపకము, వీనిలో నేదో యొకదానికై కోర్టు మెట్లెక్కని కుటుంబము లరుదు. ఆ కోర్టుల నడక మనకు ఇంగ్లండునుండి వచ్చినదని పెద్దలెల్ల రెరుగుదురు. 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టమును రచించినవాడు జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను అను ఆంగ్లేయుడు. అది 150 ఏండ్లకు పైగా సాగి, 2024 జూలై 1వ తేదీన భారతీయ సాక్ష్య అధినియమమునకు చోటిచ్చి తొలగినది. 1949 వరకు మదరాసు హైకోర్టు తీర్పులపై అప్పీళ్లు సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోవుచుండెను. ఇంతటి సంబంధ మున్నను, మనకు విత్తన మిచ్చిన యా దేశమున ఈ చెట్టు పిమ్మట నెట్లు పెరిగినదో విచారించువారు తక్కువ. నేడు దానిని గూర్చి కొంత చెప్పుదును. నేను చెప్పునది ఇంగ్లండు, వేల్సులకు మాత్రమే వర్తించును. స్కాట్లండు పద్ధతి వేరు. నేరముల విచారణ నా ప్రసంగమునకు వెలుపలిది.

నేను న్యాయవాదిని కాను, బడిపంతులను. లండనులో న్యాయవాదవృత్తియందున్న నా పూర్వశిష్యు డొకడు సెలవులకు వచ్చినపుడెల్ల నే నడుగుచు నతడు చెప్పుచు గడపిన సాయంకాలముల ఫలమే యీ ప్రసంగము.

వ్యవహారమునకు నాలుగు పాదములని మితాక్షరయందు విజ్ఞానేశ్వరుడు చెప్పియున్నాడు. వాది చెప్పు మాట భాష, ప్రతివాది చెప్పు మాట ఉత్తరము, రుజువు చేయుట క్రియ, తీర్పు సాధ్యసిద్ధి. ఆ గ్రంథమును కేతన తెనిగించెను గనుక సంస్కృతము రానివారికిని ఈ విభాగము అందుబాటులోనిదే. ఆంగ్లదేశపు వ్యాజ్యమును ఈ నాలుగు పాదములతోనే కొలిచి చూతము. అందుకొక ఉదాహరణము కల్పించెదను. యార్కుషైరులో నొక గృహస్థు తన యింటి పైకప్పు మార్పించుటకు ఒక గుత్తదారునికి 18,000 పౌనులు చెల్లించెననుకొనుడు. తొలి చలికాలముననే యిల్లు కురిసినది. గుత్తదారుడు తన పని బాగుగనే యున్నదనుచున్నాడు.

గృహస్థుడు తిన్నగా కోర్టునకు పోరాదు. తన ఫిర్యాదు ఇట్టిదని, తనయొద్ద నిట్టి పత్రములున్నవని ముందుగా ప్రతిపక్షికి ఉత్తరము వ్రాసి, జవాబునకు తగిన వ్యవధి నీయవలెను. ఈయకున్నచో తరువాత ఖర్చుల విషయమున న్యాయాధిపతి యతనిపై కినుక వహించును. అట్లని మరీ ఆలస్యమును పనికిరాదు. 1980వ సంవత్సరపు కాలదోష చట్టము ననుసరించి ఒడంబడిక తప్పిన దినమునుండి 6 ఏండ్లలో దావా తేవలెను. ముద్రాంకితమైన దస్తావేజు అయినచో 12 ఏండ్లు. భూమి తిరిగి రాబట్టుకొనుటకును సాధారణముగా 12 ఏండ్లే.

ఇక భాష. దావాపత్రమును, దానితో వివరములను కోర్టునందు దాఖలు చేయవలెను. ఇట్టి మొత్తమునకు కోర్టు రుసుము నూటికి 5 వంతున 900 పౌనులగును. పత్రము చివర, ఇందలి సంగతులు సత్యములని నమ్ముచున్నానని సంతకము చేయవలెను. ఈ సంతకము తేలికైనది కాదు. నిజమని నమ్మకయే యట్లు వ్రాసినట్లు తేలినచో అది కోర్టు ధిక్కార మగును. రెండేండ్లవరకు చెరసాల ప్రాప్తించవచ్చును. గంగాజలము చేతబట్టించి ప్రమాణము చేయించుటకన్న ఈ యేర్పాటు పదునైనదని నా తలంపు. పరలోకభయము లేనివానికిని ఇహలోకభయ ముండును గదా!

ఉత్తరమునకు 14 దినములు గడువు. సమన్లు అందినవని ఫారము పంపుకొన్నవానికి 28 దినములు. నోరు మెదపకున్నచో, విచారణ లేకయే వాదికి తీర్పు లభించును. మన శాస్త్రమున ఉత్తరము నాలుగు విధములు: ఒప్పుకొనుట, కాదనుట, ఒప్పుకొనియు వేరు కారణము చూపుట, ఇది మునుపే తీర్పైనదని చెప్పుట. ఆంగ్లేయుల పద్ధతియందును ప్రతివాది ఒక్కొక్క అంశమునకు వేర్వేరుగ బదులు చెప్పవలెను: ఇది ఒప్పుకొందును, ఇది కాదందును, ఇది నాకు తెలియదు గనుక వాదియే రుజువు చేయవలెను అని. ఊరక కాదనిన చాలదు. ఎందుకు కాదో, తన కథ యేమో చెప్పవలెను. బదులు చెప్పక విడిచిన యంశము సామాన్యముగ నొప్పుకొన్నట్లే యగును. మన గుత్తదారుడు, కప్పు వేసినది నేనే, సొమ్ము ముట్టినదియు నిజమే, కురియుటకు కారణము గృహస్థుడు పిమ్మట పొగగొట్టము మార్పించుకొనుట అని చెప్పెననుకొందము. అప్పుడు తగవంతయు నా యొక్క పొగగొట్టము చుట్టు తిరుగును. ఇంతటితో వ్యాజ్యము సగము తగ్గినదన్నమాట.

మూడవది క్రియ, అనగా రుజువు. నే నాగి చెప్పదలచినది దీనిని గూర్చియే. మన శాస్త్రకారులు లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములు చెప్పిరి. కాగితమును, అనుభవమును, మనుష్యుని మాటను అనుట. వాదిగాని ప్రతివాదిగాని తన పత్రమును తాను చూపుట మన కెల్లరకు తెలిసినదే. తనకు హాని చేయు పత్రమును ఎవరు చూపుదురు? పెట్టెలో దాచుదురు, లేదా పొయ్యిలో వేయుదురు. ఆంగ్లదేశపు విధానము ఈ చోటనే మనవారిని ఆశ్చర్యపరచును. విచారణకు చాల ముందుగనే ఉభయులును తమ యధీనమున నున్న పత్రముల జాబితాను ఒకరికొకరు ఈయవలెను. అందు తన కనుకూలమైనవే గాక, తన వాదమునకు భంగము కలిగించునవి, ఎదుటివాని వాదమును బలపరచునవి యెల్ల నుండి తీరవలెను. తగినంత వెదకితినని సంతకము చేయవలెను. టెలిఫోనులోని సందేశములును పత్రములే. మన గుత్తదారుడు తన కూలివానికి, ఆ మూల రేకు సరిగా కూర్చుండలేదు, పోనిమ్ము, అని సందేశము పంపియుండినచో దానిని గృహస్థుని న్యాయవాదికి తానే చూపవలసియుండును. చూపక చెరిపివేసినట్లు తెలిసినచో, అందేమి యుండెనో న్యాయాధిపతి అతనికి ప్రతికూలముగా ఊహింపవచ్చును.

ఈ నియమమునకు ప్రసిద్ధమైన వ్యాజ్యము 1882 నాటిది. పెరూ దేశమునుండి వచ్చు పక్షిరెట్టల ఎరువు, గువానో అనునది, దానిని విక్రయించు కంపెనీకిని మరియొక కంపెనీకిని కలిగిన తగవు అది. స్వయముగా సాక్ష్యము కాని పత్రమైనను, దానివెంట పోయినచో ఉపయోగకరమైన సంగతి బయటపడవచ్చునను నెడల దానిని సైతము చూపవలెనని అప్పీలు కోర్టువారు నిర్ణయించిరి. మాట మంచిదే. కాని క్రమముగా గదులు నిండ కాగితములు పేరుకొని, వానిని చదువు న్యాయవాదుల ఫీజులు కొండలై, ధనవంతుడు పేదవానిని కాగితములక్రింద పాతిపెట్టుట కిది సాధనమైనది. లార్డు వూల్ఫు అను న్యాయమూర్తి 1996లో సంస్కరణలు సూచింపగా, 1999 ఏప్రిల్ 26వ తేదీనుండి క్రొత్త నియమావళి యమలులోనికి వచ్చి, సామాన్య వ్యాజ్యములందు ఈ బాధ్యత నేను పైన చెప్పిన మేరకు కుదింపబడినది. పెద్ద వర్తకపు వ్యాజ్యములకు నేడు వేరు నియమములు గలవు. అక్కడను తనకు హానికరమని తెలిసిన పత్రమును దాచుటకు వీలులేదు. ఆ నియమావళియే లాటిను మాటలను పెక్కింటిని తొలగించి తేట ఇంగ్లీషు మాటలు పెట్టినది. సంస్కృతము చెప్పి బ్రదికినవాడనయ్యు నే నీ పనిని మెచ్చుకొందును.

రెండు విధములైన పత్రములకు మాత్రము రక్షణ కలదు. కక్షిదారునికిని వాని న్యాయవాదికిని నడుమ సలహానిమిత్తము నడచిన యుత్తరములు చూపనక్కరలేదు. రాజీకై వ్రాసికొన్న యుత్తరములు తీర్పునకు ముందు న్యాయాధిపతి కంటబడరాదు. ఈ రెండవదే లేనిచో రాజీమాట యెత్తుటకే జనులు జంకుదురు.

ఇక సాక్షులు. తగవున స్వలాభము గలవాడు సాక్షి కారాదని మన స్మృతులందున్నది. ఇంగ్లండునను చిరకాల మట్లే యుండెను. 1843 వరకు స్వలాభము గలవాడు, 1851 వరకు వాది ప్రతివాదులు తామే బోనెక్కి చెప్పుటకు సాధారణముగా వీలులేకుండెను. డికెన్సు 1836, 1837లలో వెలువరించిన పిక్విక్కు కథయందు, వివాహము చేసికొందునని మాటయిచ్చి తప్పెనని ఇంటి యజమానురాలు పిక్విక్కుపై దావా తెచ్చును. విచారణలో మాట యిచ్చితినో లేదో ఆయన చెప్పడు, విన్నానో లేదో ఆమె చెప్పదు! చదువరులు నవ్వుదురు గాని, అది నాటి చట్టము. స్వలాభ మున్నవాని నోరు మూయుటకన్న, చెప్పనిచ్చి తూచుట మేలని ఆ దేశమువారు 1851లో గ్రహించిరి.

నేటి సాక్షి తన మాటను ముందే వ్రాసి, సత్యమని సంతకము పెట్టి యిచ్చును. ఉభయపక్షములవారును వానిని ముందుగ మార్చుకొందురు. విచారణనాడు ఆ వ్రాతయే యతని ప్రధాన సాక్ష్యము. మిగిలినది ఎదుటి న్యాయవాది వేయు అడ్డప్రశ్నలు మాత్రమే. జూరీ యుండదు, అతికొలది తరగతుల వ్యాజ్యములలో తప్ప న్యాయాధిపతి యొక్కడే వినును. విన్నమాట సాక్ష్యము కాదని మన కోర్టులలో గట్టి నియమము. ఇంగ్లండున 1995వ సంవత్సరపు చట్టము సివిలు వ్యాజ్యములలో దానిని గైకొనుమనియే చెప్పినది. అయితే చెప్పినవానిని స్వయముగా పిలువ వీలుండియు నేల పిలువలేదు, ఎప్పుడు చెప్పినమాట, ఎన్ని నోళ్లు మారినది అని చూచి దాని బరువు కట్టుమన్నది.

2013లో లెగ్గాటు అను న్యాయమూర్తి యొక తీర్పున వ్రాసిన సంగతి మీవంటి పెద్దలు వినదగినది. మనుష్యుని జ్ఞాపకము పెట్టెలో పెట్టిన వస్తువు వంటిది కాదట. తలచినప్పుడెల్ల క్రొత్తగా కట్టుకొను గోడవంటిదట. వ్యాజ్యము పట్టినవాని జ్ఞాపకము తనకు తెలియకయే తన పక్షమునకు ఒరుగునట. కావున వర్తక వ్యవహారములలో నాటి నాడు వ్రాసిన కాగితములను, నిర్వివాదమైన సంగతులను ఆధారముగా గొని సాక్షిమాటను వానితో సరిపోల్చుట మేలని యాయన మతము. సాక్షి యబద్ధమాడుటయు, సాక్షి పొరబడుటయు వేర్వేరని దీనివలన తేలుచున్నది. నమ్మకముతో గట్టిగా చెప్పినవాడు నిజమే చెప్పెననుకొనరాదు. అయితే ఎన్నడును కాగితము వ్రాసికొనని పేదవాని గతి యేమి యని నేను శిష్యు నడిగితిని. తరువాతి తీర్పులలో కొన్ని, ఇది నియమము కాదు, సాక్ష్యమంతయు కలిపి చూడవలెనని హెచ్చరించినవని యతడు చెప్పెను. అది న్యాయముగా తోచినది.

పైకప్పు సంగతి తెలిసిన నిపుణుని నిరువురును కలిసి యొక్కనినే నియమించుకొనుమని కోర్టు ఆజ్ఞాపింపవచ్చును. ఫీజు ఎవ రిచ్చినను నిపుణుని ఋణము కోర్టునకే గాని కక్షిదారునకు కాదు.

ఇక తీర్పు. రుజువు భారము ఎవడు చెప్పునో వానిదే. నేరవిచారణలో వలె నిస్సందేహముగ రుజువు చేయ నక్కరలేదు. జరిగియుండుటయే జరుగకుండుటకన్న ఎక్కువ సంభావ్యమని తేలిన చాలును. త్రాసు వెంట్రుకవాసి మొగ్గినను మొగ్గినట్లే. సమముగ నిలిచెనా, భారము మోయువాడే ఓడును. 2008లో హాఫ్‌మను ప్రభువు, సాధారణ సివిలు వ్యాజ్యమున ఒక సంగతి జరిగెనో లేదో తేల్చవలసిన చోట, చట్టమునకు సున్న, ఒకటి అను రెండంకెలే తెలియునని వివరించెను. నీయం దెంత న్యాయమున్నను రుజువు కాకున్నచో అది సున్నయే.

ఓడినవాడు గెలిచినవాని ఖర్చులను భరించుట సామాన్య నియమము. 10,000 పౌనుల లోపు చిన్న దావాలలో న్యాయవాది ఫీజులు సామాన్యముగ రావు. 2023 అక్టోబరునుండి 1,00,000 పౌనుల వరకు గల పెక్కు వ్యాజ్యములలో ఖర్చుల మొత్తములు ముందే నిర్ణీతములు. రాజీని ప్రోత్సహించు చమత్కార మొకటి యున్నది. గుత్తదారుడు నియమానుసారముగ 12,000 పౌనులు ఇత్తునని వ్రాయగా గృహస్థుడు 21 దినములలో గ్రహింపక, తుదకు తీర్పున 10,000 మాత్రమే పొందెనేని, గెలిచియు ఆ గడువు తరువాతి ఖర్చులను సామాన్యముగ తానే చెల్లించుకొనవలెను! 2023 నవంబరులో అప్పీలు కోర్టువారు మరియొక అడుగు వేసిరి. వేల్సులోని మెర్థిర్ టిడ్‌విల్ పురపాలక సంఘపు భూమినుండి మొండికలుపు ఒకటి ప్రక్కవాని తోటలోనికి ప్రాకిన తగవు అది. తగిన సందర్భమున కక్షిదారులను కోర్టు వెలుపల రాజీప్రయత్నము చేయుడని ఆజ్ఞాపించు నధికారము కోర్టున కున్నదని యందు తేలినది. 2024 మే నెలనుండి చిన్న సొమ్ము దావాలలో ఒక గంటసేపు టెలిఫోనుద్వారా మధ్యవర్తితో మాటలాడుట తప్పనిసరి యైనది. మన రచ్చబండ యక్కడ టెలిఫోను తీగ నెక్కినది.

తీర్పు వచ్చిన పిమ్మట సామాన్యముగ 14 దినములలో సొమ్ము చెల్లింపవలెను. చెల్లింపనివాని యింటికి కోర్టు అమీనా పోవచ్చును, జీతము పట్టుకొనవచ్చును, ఇంటిపై తాకట్టు వేయవచ్చును. కోర్టుపద్దులలో వాని పేరు 6 ఏండ్లు నిలుచును. ఆ కాలమున బ్యాంకులు వానికి అప్పిచ్చుటకు వెనుదీయును. ఒక నెలలోగా పూర్తిగా చెల్లించినవాని పేరు మాత్రము కొట్టివేయుదురు.