ఉస్మానియాలో మన పిల్లలు

డిగ్రీ పరీక్షల ఫలితములు వెలువడిన కొలది నెలలకు చెన్నూరు, కోటపల్లి, జైపూరు, మందమర్రి ప్రాంతముల పిల్లలు కొందరు ఏటేటను మంచిర్యాల స్టేషనులో హైదరాబాదు బండి యెక్కుదురు. ఒక భుజమున పుస్తకాల సంచి. రెండవ చేత తల్లి కట్టియిచ్చిన సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు సీసా. "పైలం బిడ్డా" అను మాట వెనుకనుండి వినబడుచునే యుండును. మా వైపు కళాశాలలు 1976లో వరంగల్లున నెలకొన్న కాకతీయ విశ్వవిద్యాలయమునకు చెందినవి. ఆ విద్యాలయముపై మాకు గౌరవమునకు లోటు లేదు. అయినను చెన్నూరు బస్టాండులో నిలిచి "యూనివర్సిటీ" యన్నచో వినువాని మనస్సున మెదలునది ఉస్మానియాయే. ఎం.ఏ.లోనో, ఎం.ఎస్‌సి.లోనో సీటు వచ్చినవాడు వెళ్లును. సీటు రానివాడును ఉద్యోగ పరీక్షలకు చదువుకొందునని వెళ్లును. ఈ రెండవవానిని గూర్చి ముందు ముందు చెప్పవలసియున్నది.

ఆర్ట్స్ కళాశాల భవనమును గూర్చి వ్రాయనివారు లేరు. గులాబిరంగు రాతితో కట్టిన ఆ సౌధము 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభమైనది. దాని కమానుల యెదుట నిలిచి ఫోటో తీయించుకొని ఇంటికి పంపుట తొలివారపు ఆచారము. ఆ పటము తల్లి చేతి ఫోనునుండి మేనమామ ఫోనునకు, అచ్చటినుండి వాడకెల్ల ప్రాకును. భవనమును అంతటితో విడుతును. విద్యార్థి జీవితము రాతిమేడలో గడచునది తక్కువ. హాస్టలు గదిలో గడచునది యెక్కువ.

గది ఇద్దరిదనియో ముగ్గురిదనియో కాగితముపై నుండును. మంచములును అన్నియే. కాని రాత్రి పదిగంటల వేళ లెక్కించినచో తలలు మరి రెండు హెచ్చుగా తేలును. పట్టికలో పేరులేని వీరిని నాన్‌బోర్డరులందురు. వారిలో ఒకడు నిరుడు చదువు ముగించి నోటిఫికేషనుకై కనిపెట్టుకొని యున్నవాడు. ఇంకొకడు పరీక్ష వ్రాయుటకు ఊరినుండి వచ్చి నాలుగు దినములుండి పోవువాడు; ఆ నాలుగు దినములు నాలుగు నెలలగుటయు కలదు. నియమము ప్రకారమిది తప్పే. కాని విద్యార్థుల నీతిలో తన ఊరివానికి చాపెడు చోటు చూపనివాడు మనిషి కాడు. తొలిరాత్రి నేలమీద పండుకొన్నవాడే రెండవ యేట మంచముమీదికి చేరి, మరియొక కొత్త పిల్లవానికి ఆ చాపనే పరచును. ఇచ్చట ఒక తరగతి పైవాడెల్ల అన్న, క్రిందివాడెల్ల తమ్మి. అన్నయైన పాపమునకు దరఖాస్తు నింపి పెట్టవలెను, బస్సు నెంబరు చెప్పవలెను, నెలాఖరున నూరు రూపాయలు సర్దవలెను.

ఆడపిల్లలిప్పుడు మగపిల్లలకు తీసిపోకుండ వచ్చుచున్నారు. వారి కథ వేరు. మగపిల్లవాడు రైలు దిగి ఏ గదిలోనైన ఒదిగిపోవును. ఆడపిల్లకు బంధువుల ఇల్లో, తన పేర నమోదైన మంచమో ఉండియే తీరవలెను. అందుచేత చదువు ముగిసిన పిమ్మట తమ్ముడు ఆరేండ్లు కనిపెట్టుకొని యుండగల నగరములో అక్కకు ఆరు నెలలైన గడువు దొరకదు. ఈలోగా ఇంటికడ సంబంధములు చూచుటయు మొదలగును. హాస్టళ్లలో లోకములోని అన్యాయములన్నిటిని గూర్చియు తెల్లవారుదాక చర్చింతురుగాని, ఈ గడువు సంగతి ఎవ్వరును ఎత్తగా నేను వినలేదు.

ఇక మెస్సు. నెల ఖర్చును తిన్నవారి తలలకు పంచుకొను పద్ధతి యుండుటచే వంకాయ ధర పెరిగినను, బియ్యము ధర పెరిగినను విద్యార్థికి వెంటనే తెలియును. అర్థశాస్త్రము చదువని పిల్లలకు కూడ ఆ శాస్త్రమున కొంత ప్రవేశము మెస్సు బిల్లువలననే కలుగును. అన్నము, పప్పు, చారు, నీళ్లమజ్జిగ నిత్యవిధి. ఆదివారమునాడు కోడికూర, బగారన్నము. ఆనాడు వరుసలో నిలుచువారి ముఖములలోని ఓర్పు మరి యే దినమునను కానరాదు. ఇంటినుండి వచ్చిన తొక్కు సీసా మూడు దినములకే నిండుకొనును. దాని యజమానికి అందులో ఎన్ని ముద్దలు దక్కినవో చెప్పుట కష్టము. ఉపకారవేతనము ఆలస్యమైన నెలలలో బాకీ పెరుగును. అప్పుడు చెన్నూరు మండలములో ఎక్కడనో బాపు అమ్మిన పత్తి డబ్బులో కొంత, విత్తనాల దుకాణమునకు పోవలసినది, మెస్సునకు మరలును.

నేను తెలుగు చెప్పుకొని బ్రదుకువాడను గనుక నా చెవి పిల్లల మాటపైననే యుండును. దసరాకు వారు ఇంటికి వచ్చినప్పుడు పలుకరింతును. మూడు నెలల క్రిందట "తొవ్వ" అన్నవాడు ఇప్పుడు "రూటు" అనును. "సోపతిగాడు" ఫ్రెండైనాడు. "మొగులు పట్టింది" అనవలసినచోట "క్లౌడీగా ఉంది" అనుచున్నాడు. తొవ్వ త్రోవయే, పైలము పదిలమే. మొగులు మేఘమను నర్థమున నిఘంటువులకెక్కిన చక్కని దేశ్యపదము. ఈ సంగతి నేను చెప్పినచో పిల్లలు మర్యాదకు తల ఊపుదురు.

పూర్వము మా పిల్లలు దాచుకొన్నది తమ మాండలికమును. సినిమాలలో మా మాట రౌడీకిని హాస్యగానికిని మాత్రమే దక్కిన దినములవి. ఆ గ్రహణము చాలవరకు విడిచినది. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడినది. 2023లో వచ్చిన "బలగం" చిత్రమును పల్లెపల్లెలో చూచి, అందలి మాటలు తమ ఇంటివేయని జనులు కంట తడి పెట్టిరి. కాబట్టి నేటి పిల్లవాడు "గిట్ల", "గట్ల" అనుటకు సిగ్గుపడడు. తెలుగు మాధ్యమమున చదివితినని చెప్పుటకే సిగ్గుపడుచున్నాడు. తరగతిలో ఇంగ్లీషున నాలుగు వాక్యములు తడబడక చెప్పగలవాని యెదుట, తనకు తెలిసిన విషయమును కూడ మింగి కూర్చుండును. రాత్రి తొమ్మిదిన్నరకు గదిలో ఫోను చేతబట్టినప్పుడుగాని వాని నోరు విడివడదు: "అవ్వా, తిన్నవా? బాపు చేనుకాడనే ఉన్నడా? పత్తి ఏరుడు అయిందా?" తక్కిన నలుగురును అదే వేళకు అవే ప్రశ్నలు వేయుచుందురు. ఒకడు మంథని వైపువాడు, ఒకడు ఆసిఫాబాదువాడు, ఒకడు జగిత్యాలవాడు. ఉత్తర తెలంగాణపు పలుకుబళ్లన్నియు ఒక్క గదిలో వినవలెనన్నచో ఆ గంటకు మించిన సమయము లేదు.

ఈ విద్యాలయమునకు భాషల పెనుగులాట కొత్తది కాదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దీనిని 1918లో స్థాపించెను. మరుసటి యేడు పాఠములు మొదలైనవి. బోధనభాష ఉర్దూ. గణితము, రసాయనము, చరిత్ర, వైద్యము మొదలగు శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకై దారుల్ తర్జుమా యను అనువాదశాఖనే నెలకొల్పిరి. లేని పారిభాషిక పదములను కల్పించిరి. ఇంగ్లీషు లేనిదే ఉన్నతవిద్య లేదని దేశమంతయు నమ్మియున్న కాలమున దేశభాషలో ఇంజనీరింగు కూడ చెప్పవచ్చునని చూపిన సాహసమది. దానిని తక్కువచేసి మాటలాడుట తగదు. అయితే ఆ సంస్థానములో హెచ్చుమంది ఇంటిభాష ఉర్దూ కాదు. తెలుగు పిల్లవాడు ఇంటిలో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరుగవలసి వచ్చినది.

అట్టి పిల్లలకు ఆ దినములలో హాస్టలే తెలుగు బడి. రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు ఇందులకు ముఖ్యమైన తార్కాణము. సురవరం ప్రతాపరెడ్డి కొన్నేండ్లు దాని కార్యదర్శిగా నుండెను. తెలంగాణములో కవులే లేరన్న మాటకు సమాధానముగా 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచికను వెలువరించినది ఆయనయే. హాస్టళ్ల చరిత్రలో మరియొక ఘట్టము 1938 నాటిది. ఉస్మానియా హాస్టలులో వందేమాతరము పాడుటను నిషేధించగా విద్యార్థులు సమ్మె కట్టిరి, అనేకులు బహిష్కృతులైరి. వారిలో పలువురికి నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెరచినది. అట్లు నాగపూరు పోయి చదువుకొన్నవారిలో కరీంనగరము జిల్లా వంగరకు చెందిన పాములపర్తి వేంకట నరసింహారావు ఒకరు. ఈయన పేరు మరల వచ్చును.

1948 తరువాత ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించినది. రెండింటికిని నడుమ తెలుగునకు దక్కినది తెలుగుశాఖ. అది చిన్నచోటే గాని, అచ్చట జరిగిన పని చిన్నది కాదు. ఉర్దూ మాధ్యమమున చదువుకొన్న హనుమాజీపేట పిల్లవాడు సి. నారాయణరెడ్డి ఆ శాఖలోనే ఆచార్యుడై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును అందుకొనెను. వరంగల్లు ప్రాంతపు దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు పల్లెలలో పాటలు సేకరించి, తెలుగు జానపద గేయ సాహిత్యముపై సిద్ధాంతగ్రంథము వ్రాసెను. ఉస్మానియాలో తెలుగునకు వచ్చిన మొదటి డాక్టరేటు అదియే. నాట్లు వేయు ఆడువారి పాట, విసురురాతి పాట, పెండ్లిపాట విశ్వవిద్యాలయమున పరిశోధనకు తగిన వస్తువులైనవి. చెన్నూరునుండి వచ్చిన విద్యార్థి ఏ మాటలను రైలులో విడిచివచ్చెనో, వానినే మొదట విద్యగా గుర్తించినది ఆ కట్టడములోనే. ఈ సంగతి వానికి రెండవ సెమిస్టరులో పరీక్ష ప్రశ్నగా తెలియును. అంతకు ముందు తెలియదు.

ఇప్పుడు ఆ రెండవవాని సంగతి. గ్రంథాలయపు మెట్లమీద, లాండ్‌స్కేప్ గార్డెన్ చెట్ల క్రింద ఉదయమునుండి చీకటిదాక పుస్తకములు పట్టి కూర్చుండువారిలో తరగతులకు పోవలసినవారు తక్కువ. నీళ్లసీసా, ప్లాస్టికు కుర్చీ, మడచిన దినపత్రిక, వీనితో వారి కాపురము. తెలంగాణ యేర్పడిన తరువాతి తొలి గ్రూప్-1 ప్రకటన 2022లో 503 ఉద్యోగములకు వెలువడినది. ఆ యేడు అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవని తేలుటచే 2023 మార్చిలో రద్దైనది. 2023 జూన్ 11న మరల వ్రాసిరి. సెప్టెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసినది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చినది. జూన్ 9న మూడవమారు వ్రాసిరి. ఒకే మెట్టు మూడుమారులెక్కిన ఈ పిల్లల వయస్సు ఇరువదియారునుండి ఇరువది యెనిమిదికి చేరినది. ఊరిలో వీరి తోటివారు కొందరు సింగరేణిలో చేరిరి, కొందరు ఆటో కొనుక్కొనిరి. పండుగకు పోయినచో "ఇంకా చదువుడేనా?" అని అడుగుదురని పండుగకే పోనివారు కలరు. 1969లోను, 2009లోను ఈ ప్రాంగణపు విద్యార్థులు ఉద్యోగములపేర, రాష్ట్రముపేర వీధిలోనికి వచ్చిరి. ఆ కథలు వీరికి కంఠస్థము, పరీక్షలోను వచ్చును.

గ్రూప్-1 ప్రధాన పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. మా వైపు పిల్లలలో అనేకులకు అదియే దారి. అయితే తెలుగులో వ్రాయువానికి ఆధారమేది? కోచింగు నోట్సులు ఇంగ్లీషున నుండును. నమ్మదగిన పుస్తకములును తరచు ఇంగ్లీషుననే. ఆ లోటును కొంత తీర్చునవి తెలుగు అకాడమి ప్రచురణలు. కళాశాల విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథములు సమకూర్చుటకై ఆ సంస్థ 1968లో ఏర్పడినది. దానికి వ్యవస్థాపకాధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఒకనాడు నాగపూరు పోయి చదువుకొనవలసి వచ్చిన విద్యార్థియే ముప్పదియేండ్లకు తెలుగునకొక దారుల్ తర్జుమాను నడిపెనని అనుకొనవచ్చును. పోలిక అతిగా తోచినచో క్షమింతురుగాక, నాకది సరియైనదే. అకాడమి పుస్తకములలోని పదములు మాత్రము కొన్ని కొరకరాని కొయ్యలు. అవి పండితులు గదులలో కూర్చుండి అల్లినవి. దారుల్ తర్జుమా పదములపైనను అట్టి ఆక్షేపణ యుండెనని విందుము.

ఇటీవల ఒక శిష్యుడు సెలవులకు వచ్చినప్పుడు తాను చదువుచున్న అకాడమివారి భూగోళ శాస్త్ర గ్రంథమును నాకు చూపించెను. అట్ట ఊడినది, దారముతో కుట్టిరి. లోపలి పుటలో ఆరు పేర్లున్నవి, ఒకదానిక్రింద నొకటి; నాలుగింటిని కొట్టివేసిరి. ఆ నలుగురికి ఉద్యోగములు వచ్చినవట. నీలి, ఎరుపు, ఆకుపచ్చ సిరాలతో గీతలు. పుస్తకమున "అవపాతము" అని యున్నచోట అంచున ఎవ్వరో "వాన, రాళ్లవాన, మంచు, అన్ని" అని వ్రాసికొనిరి. "క్రమక్షయము" ప్రక్కన వేరొక చేతివ్రాత: "మట్టి కొట్కపోవుడు". దానిక్రింద మూడవవాడు బాణపు గుర్తు పెట్టి "మన చెన్నూరు గోదారి ఒడ్డు లెక్క" అని చేర్చెను.