పక్కటెముక నిజంగా జారుతుందా?

బరువు ఎత్తినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో వీపులో ఒకచోట కలుక్కుమంటుంది. ఊపిరి పీల్చితే పోటు. పక్కటెముక జారిందనుకుని కొందరు కైరోప్రాక్టిక్ చికిత్సకు వెళ్తారు. 1895లో అమెరికాలో డి.డి. పామర్ ప్రారంభించిన పద్ధతి ఇది.

మనకు సాధారణంగా 12 జతల పక్కటెముకలు ఉంటాయి. వెనుకవైపు ఇవి చిన్న చిన్న కీళ్ల ద్వారా వెన్నుపూసలతో కలుస్తాయి. ఊపిరి పీల్చి వదిలే ప్రతిసారీ ఆ కీళ్లు కొద్దిగా కదులుతాయి. చికిత్స చేసేవారు మనిషిని బోర్లా పడుకోబెట్టి, ఊపిరి వదిలే సమయంలో పక్కటెముక వంపుపై చేత్తో ఒక్కసారిగా నొక్కుతారు. ‘టప్’మని చప్పుడు వస్తుంది.

ఎముక తిరిగి తన చోట కూర్చున్న చప్పుడా అది? కాదు. వేళ్లు విరిచినప్పుడు కీలులోని ద్రవంలో వాయుబుడగ ఏర్పడుతుందని, చప్పుడు అప్పుడే వస్తుందని 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎంఆర్ఐ చిత్రాలతో చూపించారు. వెన్ను దగ్గర పక్కటెముకలను బలమైన లిగమెంట్లు పట్టి ఉంచుతాయి. పెద్ద దెబ్బ తగిలితే తప్ప అవి అంత తేలికగా చోటు తప్పవు. నొక్కినప్పుడు కండరాల బిగువు సడలి, కొంతసేపు హాయిగా అనిపించవచ్చు.

అయితే ఎముకలు గుల్లబారిన పెద్దవారికి ఆ నొక్కుడుకే పక్కటెముక విరగవచ్చు. పైగా ఛాతీ నొప్పి అన్నిసార్లూ ఎముకదో కండరానిదో కాదు. నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే బాధ ఉంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు వీపు నొక్కించుకుంటూ కూర్చోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.