నల్ల కాగితంపై యంత్రలేఖనం: తెల్ల పెన్ను ఎంపిక

కంప్యూటర్ పంపిన గీతలను నిజమైన పెన్నుతో కాగితంపై గీసే యంత్రమే పెన్ ప్లాటర్. తెల్ల కాగితంపై నల్ల గీతలు గీయించడం దీనితో పెద్ద కష్టం కాదు. నల్ల కాగితంపై తెల్ల గీతల సంగతి వేరు. చేత్తో గీసేవారు సిరా ఆగగానే పెన్ను విదిలించి, గీత మళ్లీ కలుపుకుంటారు. ప్లాటర్‌కు ఆ విషయం తెలియదు. సిరా రాని మొనతోనే చివరిదాకా తిరుగుతుంది. రెండు గంటల చిత్రం అలా పాడైతే కాగితమూ పోతుంది, సమయమూ పోతుంది. కాబట్టి పెన్ను ఎంత తెల్లగా రాస్తుందన్న దానికంటే ఎంతసేపు తెగకుండా రాస్తుందన్నది ముందు చూడాలి.

తెలుపు ఎలా వస్తుంది?

పారదర్శకమైన రంగు ద్రావణంతో చేసిన సిరా కనబడాలంటే అడుగున ఉన్న కాగితం కాంతిని తిప్పి పంపాలి. నల్ల కాగితం ఆ కాంతిని పీల్చేసుకుంటుంది. అందుచేత కాంతిని చెదరగొట్టే రేణువులు సిరాలోనే ఉండాలి.

దీనికి మన వాకిట్లోనే ఉదాహరణ ఉంది. తడి బియ్యప్పిండితో వేసిన ముగ్గు మొదట మసకగా ఉండి, ఆరిన తరువాత తెల్లబడుతుంది. వక్రీభవన గుణకం పిండికి సుమారు 1.5, నీటికి 1.33, గాలికి 1. రేణువుకూ దాని చుట్టూ ఉన్న పదార్థానికీ మధ్య ఈ తేడా పెరిగినకొద్దీ తెలుపు పెరుగుతుంది. అయితే సిరాలో రేణువులను కాగితానికి పట్టించే బంధకం ఉంటుంది. దాని గుణకం కూడా ఇంచుమించు 1.5. అందులో కలిపితే బియ్యప్పిండి దాదాపు కనబడకుండా పోతుంది. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట బెరైటీస్ గనులు మీకు తెలిసినవే. ఆ ఖనిజం గుణకం 1.64. రంగుల్లో పూరకంగా పనికొస్తుంది గాని, నలుపును కప్పే శక్తి దానికీ తక్కువే. రూటైల్ రూపంలోని టైటానియం డయాక్సైడ్ గుణకం 2.7. తెల్ల సిరాలకు ఎక్కువగా దీన్నే వాడటానికి కారణం ఇదే.

చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. టైటానియం డయాక్సైడ్ నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. పలచని సిరాలో అడుగుకు దిగిపోతుంది, సన్నని గొట్టాల్లో పూడుకుపోతుంది. జెల్ సిరా కదలకుండా ఉన్నప్పుడు చిక్కగా ఉండి రేణువులను పట్టి ఉంచుతుంది. బాల్ తిరిగినప్పుడు పలచబడి పారుతుంది. ఈ రకం పెన్నును జపాన్‌కు చెందిన సాకురా సంస్థ 1984లో తెచ్చింది.

ఏది కొనాలి?

సాకురా జెల్లీ రోల్ తెల్ల పెన్ను 05, 08, 10 అనే మూడు సైజుల్లో వస్తుంది. ఈ అంకెలు బాల్ వ్యాసాన్ని చెబుతాయి (0.5, 0.8, 1.0 మి.మీ.), గీత అంతకంటే సన్నగా పడుతుంది. సన్నని గీత కావాలని 05 తీసుకోవాలనిపిస్తుంది. యంత్రానికి మాత్రం 08 గాని 10 గాని మేలు, ఎందుకంటే బాల్ పెద్దదైతే సిరా ఎక్కువగా దిగుతుంది. యూనిబాల్ సిగ్నో యూఎం-153 బాల్ కూడా 1.0 మి.మీ. గీత దట్టంగా వస్తుంది గాని ఆరడానికి సమయం పడుతుంది. పోస్కా వంటి పెయింట్ మార్కర్ల తెలుపు బాగుంటుంది. కాని మొనను నొక్కితే సిరా వదిలే ఏర్పాటు వాటిలో ఉంది. యంత్రం గట్టిగా దించితే చుక్క పడుతుంది. వెడల్పైన పట్టీలు నింపడానికే వాటిని ఉంచుకోండి.

గరుకైన నల్ల చార్టు కాగితం చవకే, కాని దాని పీచు బాల్ సందులో చేరి సిరాను అడ్డుకుంటుంది. నున్నని మందపాటి కార్డు తీసుకోండి.

కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ తక్కువ. పెన్ను పైకెత్తి ఒక గీత నుంచి ఇంకో గీతకు వెళ్లే కాస్త వ్యవధిలోనే మొన మీది నీరు ఆవిరవుతుంది, తరువాతి గీత మొదలు తెల్లగా పడదు. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూడండి. దగ్గరి గీతలు వరుసగా వచ్చేలా క్రమం మార్చండి. వేగం తగ్గించండి. ప్రారంభంలో అంచున నాలుగు గీతలు గీయించి సిరా దిగనివ్వండి. వాడనప్పుడు పెన్నులను మూతపెట్టి పడుకోబెట్టి ఉంచాలి.

గీత పలచగా ఉందని తడి మీదే రెండోసారి గీయించకండి. మొదటి పూత లేచిపోతుంది. ఆరనిస్తే, ముగ్గులాగే, కొంత తెలుపు దానంతటదే వస్తుంది.

అభ్యాసం: ఒకే కార్డుపై మూడు పెన్నులతో ఇరవై నిమిషాల చొప్పున సమాంతర రేఖలు గీయించండి. తెగిన గీతలను లెక్కపెట్టి, అవి మొదట్లో ఎక్కువా చివర్లో ఎక్కువా అన్నది నమోదు చేయండి. అదే పరీక్షను ఒకసారి ఉదయం, ఒకసారి మిట్టమధ్యాహ్నం చేసి ఫలితాలను పోల్చండి.